ఇసుకలో దొరికిన రంగురాయి: తడిపి చూడాలా, గీకి చూడాలా?

మా కోనసీమలో ఎవరైనా ఇల్లు కడుతుంటే పిల్లలంతా ఇసుక కుప్ప దగ్గరే ఉంటారు. జల్లెడలో మిగిలిన గులకరాళ్లలో ఎర్రవి, తేనె రంగువి ఏరి జేబుల్లో నింపుకుంటారు. అవి మా ఒండ్రుమట్టిలో పుట్టినవి కావు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పారి గడ్డకట్టిన దక్కను నల్లరాతి నేల మీదుగా గోదావరి వస్తుంది. ఆ లావాలో గాలిబుడగలు వదిలిన బొర్రల్లో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, పేరుకుని అగేట్ అనే చారల రాయి అయింది. అంత దూరం ఎందుకు, రాజమండ్రి, పంగిడి దగ్గర కూడా లావా రాయే ఉంది.

దొరికిన రాయిని అందరూ ముందు తడుపుతారు. రంగు తేలుతుంది, నిజమే. కానీ రంగును నమ్మి పేరు పెట్టకూడదు. అగేట్‌కు చుట్టమైన ఎర్ర జాస్పర్ రాయికి, ఇటుకకు ఆ ఎరుపు ఇచ్చేది ఒకటే, ఇనుము ఆక్సైడు. నీళ్లలో దొర్లి నునుపెక్కిన ఇటుక ముక్కను మా పాప నెలరోజులు పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. అది రాయి కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఫోన్ టార్చి ఇంకాస్త నయం. రాయి వెనక పెట్టి చీకట్లో చూస్తే అగేట్ అంచులు తేనెలా వెలుగుతాయి, లోపల ఉల్లిపొరల్లాంటి చారలు కనిపిస్తాయి. జాస్పర్‌లో వెలుగు దూరదు. అయితే అరిగిన సీసా ముక్క కూడా వెలుగుతుంది. అక్కడే మోసపోతాం.

నా ఓటు గీకడానికే. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో అగేట్, జాస్పర్ 7కు దగ్గర, చాకు ఉక్కు సుమారు 5.5, సున్నపురాయిలో ఉండే కాల్సైటు 3. చాకు మొన ఆనించి లాగితే ఇటుక పొడి రాలుతుంది, కాల్సైటు మీద గాడి పడుతుంది. అగేట్ మీద బూడిదరంగు గీత కనిపిస్తుంది. కంగారు పడకండి, అది చాకు నుంచి అంటిన లోహమే, బొటనవేలితో రుద్దితే పోతుంది. సీసా ముక్కేమోనని అనుమానముంటే పాత సీసా అడుగున ఆ రాయితోనే గీయండి. అగేట్ అయితే గాజు మీద చెరగని గాటు పడుతుంది.

నిమ్మరసం వేసి బుడగలు చూడడం సున్నపురాయికే పనికొస్తుంది. అగేట్, జాస్పర్ తేడాకు మాత్రం గీకాక మళ్లీ టార్చి తీయాల్సిందే. గీకేటప్పుడు రాయిని చేతిలో పట్టుకోకుండా నేల మీద పెట్టండి, చారలు బాగా కనిపించే వైపు వదిలేసి వెనకవైపు గీకండి.