చంద్రగిరి టిబెటన్లు, మల్కన్‌గిరి బెంగాలీలు

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు నుంచి చంద్రగిరి వెళితే 1963 నుంచి ఉంటున్న టిబెటన్ శరణార్థుల మొక్కజొన్న చేలు కనిపిస్తాయి. ఒడిశాలోనే ఉన్న మల్కన్‌గిరిలో దండకారణ్య ప్రాజెక్టు అనే పునరావాస పథకం కింద తూర్పు బెంగాల్ శరణార్థుల్ని కూర్చోబెట్టిన ఊళ్లకి పేర్లు కూడా లేవు, ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అని పక్కన ఒక నంబరు, అంతే.

బెంగాలీల్లో చాలామందికి భూమి, ఓటు దక్కాయి, కానీ ఆ అడవి నేలలో బతకలేక దండకారణ్యం నుంచి 1978లో వేలమంది పశ్చిమ బెంగాల్ సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవికి వెళ్లిపోతే మరుసటి ఏడాదే పోలీసులు ఖాళీ చేయించారు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. టిబెటన్లకి బడి, గొంప (బౌద్ధ మఠం) ఉన్నాయి, కానీ ఇక్కడే పుట్టినా చాలామందికి విదేశీయులుగా ఇక్కడ ఉండడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రెన్యువల్ టెన్షన్ తప్పదు. 2019 పౌరసత్వ చట్టంలో బౌద్ధులున్నారు, కానీ అది వర్తించే దేశాల్లో టిబెట్ లేదు!

1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, అందుకే ఎవరికి ఏమివ్వాలన్నది ప్రభుత్వం ఇష్టం. నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తోంది.