ట్యూబ్ టెస్ట్ లేకుండా ఐయూఐ చేస్తామంటే డబ్బు కట్టకండి

పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. మాకు నాలుగు ఐయూఐలు (భర్త వీర్యాన్ని నేరుగా గర్భసంచిలో వదిలే చికిత్స) చేశారు. పద్నాలుగు నెలలు పోయాయి, మందులతో కలిపి లక్షకు పైగా ఖర్చయింది. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ఫలించే వీలే లేదని తర్వాత తెలిసింది. గర్భసంచికి గుడ్డు వచ్చే దారులైన నా రెండు ట్యూబులూ మూసుకుపోయి ఉన్నాయి. ఆ సంగతి చెప్పే పరీక్ష వాళ్ళు ఒక్కసారి కూడా చేయించలేదు.

సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. మా ఊరి నుంచి బస్సులో రెండు గంటల దూరం, కోస్తాలో ఒక పెద్ద ఊరు. అప్పటికి పెళ్ళై మూడేళ్ళు, నాకు 29. మొదటి రోజు డాక్టరుగారు మాతో మాట్లాడింది ఐదు నిమిషాలు. ఆ తర్వాత కౌన్సెలర్ అని ఒకావిడ కూర్చోబెట్టి ముప్పావు గంట మాట్లాడింది. నాలుగు సైకిళ్ళ (నాలుగుసార్లు ఐయూఐ) ప్యాకేజీ 60,000, ముందే కట్టేస్తే తక్కువ పడుతుంది, నాలుగు చేస్తే తప్పకుండా నిలుస్తుంది అంది. ట్యూబ్ టెస్ట్ చేయించాలేమో అని నేనే అడిగాను. మా పిన్ని కూతురికి చేశారని విన్నాను కాబట్టి. "అది చాలా నొప్పిగా ఉంటుందమ్మా, నీ వయసుకి అవసరం లేదు, ముందు ఒకటి రెండు చేసి చూద్దాం" అంది. నొప్పి అనగానే నేను కూడా సరే అనేశాను. అక్కడే పట్టుబట్టి ఉండాల్సింది.

ఐయూఐలో ఏం చేస్తారో తెలిస్తే ఆ టెస్ట్ ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. భర్త శాంపిల్‌ను ల్యాబ్‌లో శుభ్రం చేసి, చురుగ్గా కదిలే కణాలను వేరు చేసి, సన్నటి గొట్టంతో గర్భసంచిలో వదులుతారు. అంతవరకే. గుడ్డు, వీర్యకణం కలవడం మామూలుగా జరిగినట్టే ట్యూబులో జరగాలి. కనీసం ఒక ట్యూబ్ అయినా తెరుచుకుని లేకపోతే ఎన్ని మాత్రలు మింగినా, ఎన్ని ఇంజెక్షన్లు వేసుకున్నా ఆ రెండూ కలిసే దారి ఉండదు.

ప్రతి నెలా ఒకటే వరస. పీరియడ్ మూడో రోజు నుంచి గుడ్డు ఎదగడానికి లెట్రోజోల్ మాత్రలు ఐదు రోజులు, తొమ్మిదో పదో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కాన్. ఫాలికల్ (గుడ్డు పెరిగే చిన్న సంచి) 18, 19 ఎంఎంకి రాగానే గుడ్డు విడుదలవడానికి హెచ్‌సీజీ ఇంజెక్షన్, ఆ తర్వాత సుమారు 36 గంటలకు ఐయూఐ. మా వారు ఆఫీసులో సెలవు దొరక్క, తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చి శాంపిల్ ఇచ్చి మళ్ళీ పరిగెత్తేవారు. ఐయూఐ అయ్యాక పది పదిహేను నిమిషాలు పడుకుంటే సరిపోతుంది. నన్ను మాత్రం సాయంత్రం దాకా పడుకోబెట్టి రూమ్ ఛార్జీ 1,500 వేసేవారు. అది ప్యాకేజీలో లేదట.

మూడోసారి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కన్నీళ్ళొస్తాయి. ఐయూఐ అయిన ఎనిమిదో రోజు ఉండబట్టలేక ఇంట్లో కిట్‌తో టెస్ట్ చేసుకున్నాను. రెండో గీత లేతగా కనిపించింది. మా వారు కిట్‌ను వెలుతురులో పెట్టి మళ్ళీ మళ్ళీ చూశారు. సాయంత్రం అత్తయ్య పరమాన్నం చేసి దేవుడి దగ్గర పెట్టారు. వారం తిరక్కుండా పీరియడ్ వచ్చేసింది. ఏమైందని సెంటర్‌కి ఫోన్ చేస్తే నర్సు చెప్పింది, ఆ గీత నేను వేయించుకున్న ఇంజెక్షన్ వల్ల వచ్చిందని. కిట్ వెతికేది కూడా గర్భం వస్తే ఒంట్లో తయారయ్యే ఆ హెచ్‌సీజీనే. ఇంజెక్షన్‌లోది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పట్టొచ్చు. రెండు వారాలు దాటాక చేసుకున్న టెస్టునే నమ్మాలి. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ సాయంత్రం, ఆ తర్వాతి వారం ఉండేవి కావు.

నాలుగోది కూడా పోయాక "ఇక ఐవీఎఫ్‌కి వెళ్దాం, 1,80,000, ఈ నెలలో కడితే డిస్కౌంట్" అన్నారు. ఐవీఎఫ్ అంటే గుడ్డును, వీర్యకణాన్ని ల్యాబ్‌లోనే కలిపి గర్భసంచిలో పెట్టడం. అప్పుడు నాకు గట్టిగా అనుమానం వచ్చింది. వేరే ఊళ్ళో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మా కాగితాలన్నీ తిరగేసి అడిగిన మొదటి మాట, "హెచ్‌ఎస్‌జీ ఏది?" అంటే ఆ ట్యూబ్ టెస్టే. రెండో మాట, "చిన్నప్పుడు టీబీ ఏమైనా వచ్చిందా?" నాకు ఇంటర్‌లో ఊపిరితిత్తుల దగ్గర నీరు చేరి ఆరు నెలలు టీబీ మందులు వాడారు. పద్నాలుగు నెలల్లో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ ఒక పెద్ద కారణమని ఆవిడే చెప్పారు.

హెచ్‌ఎస్‌జీ గురించి వివరంగా చెప్తాను, చాలామంది దానికి భయపడే ఆగిపోతున్నారు. పీరియడ్ ఆగాక, గుడ్డు విడుదలకు ముందు, సాధారణంగా ఆరు నుంచి పదో రోజు మధ్య చేస్తారు. ఎక్స్‌రే టేబుల్ మీద పడుకోబెట్టి గర్భసంచిలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కిస్తారు. ట్యూబులు బాగుంటే ఆ మందు చివర్ల నుంచి బయటికి చిందడం ఫిల్మ్‌లో కనిపిస్తుంది. ముందు నొప్పి మాత్ర ఇచ్చారు. మందు ఎక్కుతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు పీరియడ్ నొప్పి గట్టిగా వచ్చినట్టు ఉంది, అరగంటలో తగ్గింది. కొందరికి ఇంకా ఎక్కువ ఉండొచ్చు. మాకు 2,500 అయింది. నా ఫిల్మ్‌లో మందు రెండు వైపులా బయటికి రాలేదు, ఒక ట్యూబ్ నీరు చేరి ఉబ్బి ఉంది. ఆ నీరు గర్భసంచిలోకి జారుతుంటే ఐవీఎఫ్ చేసినా నిలిచే అవకాశం తగ్గుతుందట. ముందు ఆ ట్యూబ్ సంగతి చూడాలన్నారు. అంటే ఆ సెంటర్‌లో 1,80,000 కట్టి ఉంటే అది కూడా అలాగే గుడ్డిగా చేసేవాళ్ళు.

ఐయూఐ చెడ్డదని నేను అనడం లేదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా సమస్య) వల్ల గుడ్డు సరిగ్గా విడుదల కానివాళ్ళకు, భర్త వీర్యకణాల కౌంట్ కొద్దిగా తక్కువున్నవాళ్ళకు, పరీక్షలన్నీ బాగున్నా కారణం తెలియనివాళ్ళకు అది మంచి మొదటి మెట్టు. మా పిన్ని కూతురికి రెండోసారికే నిలిచింది, పాపకి ఇప్పుడు రెండేళ్ళు. అయితే అన్నీ బాగున్నా ఒక్కో సైకిల్‌లో నూటికి సుమారు పది పదిహేను మందికే నిలుస్తుంది, అది కూడా వయసును బట్టి మారుతుంది. "తప్పకుండా" అన్న మాట ఎవరైనా వాడితే లేచి వచ్చేయండి. శాంపిల్ శుభ్రం చేశాక కదిలే కణాలు ఎన్ని మిగిలాయో ప్రతిసారీ కాగితం మీద అడిగి తీసుకోండి. 50 లక్షల పైన ఉంటే మంచిది, 10 లక్షల లోపైతే అవకాశం బాగా తక్కువ. మాకు ఆ అంకె ఎప్పుడూ చెప్పలేదు. శాంపిల్ డబ్బా మీద కూడా మా వారి పేరు మాత్రమే మార్కర్‌తో రాసేవారు. ఆ పేరున్నవాళ్ళు మా వీధిలోనే నలుగురు. మీ ఇద్దరి పేర్లు, ఫైల్ నంబర్ రాసి ఉన్నాయో లేదో కళ్ళారా చూసుకోండి.

సంతాన చికిత్సల కోసం 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐయూఐ మాత్రమే చేసే చోటు కూడా లెవెల్ 1 క్లినిక్‌గా రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా పెట్టాలి. మేం వెళ్ళిన చోట గోడల నిండా పిల్లల ఫొటోలే చూశాను, సర్టిఫికెట్ కోసం వెతకాలని అప్పుడు నాకు తోచలేదు.

ఫైల్ అడిగితే మూడుసార్లు తిప్పారు. పేషెంట్ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నియమాల్లోనే ఉంది. ఆ మాట రాసి, తేదీ వేసి, ఉత్తరం ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకున్నాక రెండో రోజే ఇచ్చారు. మీరు కూడా నోటితో అడగకండి, రాసి ఇవ్వండి. బిల్లులన్నీ దాచుకోండి. తెల్లకాగితం మీద అంకె వేసి ఇస్తే ఒప్పుకోకండి, మాకు ప్యాకేజీ డబ్బుకు ఇచ్చింది అలాంటి చీటీనే, ఇప్పుడు అదే ఇబ్బందిగా ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళాలి. మా ఫిర్యాదు అక్కడే ఉంది.

వచ్చే నెల 8న నాకు లాపరోస్కోపీ (పొట్ట మీద చిన్న రంధ్రాలతో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్). టీబీ ఇంకా ఉందేమో చూడటానికి గర్భసంచి పొర నుంచి శాంపిల్ కూడా తీస్తారట. డేట్ ఖాయం చేసే ముందు ఆ డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏ టెస్ట్ ఎందుకో ఒక్కొక్కటీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆ కాగితం నా ఫైల్‌లో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.