డెస్టైన్, డూమ్: నుదుటి రాతకు ఏ క్రియ?

బరంపురం, పర్లాకిమిడి వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడి, పరీక్షలో ఇంగ్లీషు రాస్తారు. 'రాసిపెట్టి ఉంది' అని ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే డెస్టైన్ (destine), డూమ్ (doom) అనే ఈ రెండు క్రియల దగ్గర తడబడతారు.

పుట్టుక: డెస్టైన్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. గట్టిగా నిలపడం, స్థిరపరచడం దాని మూలార్థం. డెస్టినేషన్ దాని తోబుట్టువే. డూమ్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. మొదట్లో అందులో చెడు లేనే లేదు. చట్టం, తీర్పు అని మాత్రమే అర్థం. 1086 నాటి ఇంగ్లండు భూముల సర్వే గ్రంథానికి తర్వాత డూమ్స్‌డే అనే పేరు స్థిరపడింది, అందులోని మాటకు తిరుగులేదని. తీర్పు కాస్తా శిక్షగా, శిక్ష వినాశనంగా మారడం నాకు ఎంతో ఆసక్తి కలిగించే విషయం.

వాడుక: బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయనకు డెస్టైన్ వాడితే గౌరవం. డూమ్ వాడితే ఆ పదవే శాపమైనట్టు. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కు బయలుదేరిన సరుకుకూ డెస్టైన్ చెల్లుతుంది. అక్కడ విధి ప్రసక్తి లేదు, చేరాల్సిన చోటే ముఖ్యం.

శ్రమ: సమానం. రెండూ ఎక్కువగా కర్మణి ప్రయోగంలోనే కనిపిస్తాయి.

ప్రమాదం: డూమ్‌తోనే ఎక్కువ. పెళ్లి శుభాకాంక్షల్లో అది పడితే దీవెన కాస్తా శాపనార్థం అవుతుంది.

విజయం, ప్రయాణం, పెళ్లి, ఎటు తేలుతుందో తెలియని సంగతి అయితే డెస్టైన్ రాయండి. కూలిపోక తప్పని పథకానికో, మునిగిపోనున్న ఓడకో డూమ్ సరిపోతుంది.