కచేరీలా, పాఠాలా? హైదరాబాదులో సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఏది మేలు

కర్ణాటక సంగీతంలో నాలుగేళ్ళ సర్టిఫికెట్టూ, రెండేళ్ళ డిప్లొమా పూర్తి చేసిన పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ నన్ను తరచుగా అడిగే మాట ఇది. "కచేరీల మీద బతకొచ్చా అండీ? లేకపోతే ఇప్పట్నుంచే పాఠాలు మొదలుపెట్టుకోవడం మేలా?" నేను వయొలిన్ వాయిస్తాను, ఇంట్లో పాఠమూ చెబుతాను. గాయకుల పక్కన కూర్చుని వాళ్ళ సంపాదనా చూశాను, వాళ్ళ గొంతులు ఏమయ్యాయో కూడా చూశాను. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హైదరాబాదులో ఉంటూ, ఇంటి ఖర్చు తన మీదే ఉన్నవాళ్ళకి పాఠమే ఆధారం. అయితే కచేరీ మానేసిన నాటి నుంచి ఆ పాఠంలో పస తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఎంతమందికి చెప్పాలి, రోజులో ఏ గంటలు ఇవ్వాలి అన్న దగ్గరే జాగ్రత్తగా ఆలోచించాలి.

ముందు కచేరీ సంగతి చూద్దాం. మన ఊళ్ళో పాడటానికి చోటుకి కొదవ లేదు. 1961లో కట్టిన రవీంద్రభారతి ఉంది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా నవరాత్రులు, పుష్య బహుళ పంచమికి పేటపేటకీ త్యాగరాజ ఆరాధనలు సరేసరి. చోటు దొరికినంత సులువుగా డబ్బు దొరకదు. చాలా కచేరీలకి టిక్కెట్టే ఉండదు. సభలు సభ్యుల చందాలతో, ఎవరో ఒక దాత ఇచ్చిన విరాళంతో నడుస్తాయి. మైకు, హాలు అద్దె, పూలదండలు, శాలువాలు పోగా మిగిలింది కళాకారులకి వస్తుంది. నిర్వాహకుల్ని నేను తప్పు పట్టను. వాళ్ళలో చాలామంది చేతి డబ్బు పెట్టి నడుపుతున్నారు.

లెక్క సులువుగా ఉంటుందని ఒక అంకె అనుకుందాం. జట్టు మొత్తానికి కలిపి సభవాళ్ళు 15,000 ఇచ్చారు. వయొలిన్‌కి 4,000, మృదంగానికి 4,000, ఘటమో కంజీరో ఉంటే ఇంకో 3,000. గాయని చేతిలో మిగిలింది 4,000. అందులోంచే క్యాబు, తంబురా పట్టుకున్న శిష్యురాలికి ఆటో ఖర్చు, రికార్డింగు చేసినవాళ్ళకి ఇవ్వాల్సింది. ఆ రెండు గంటల కోసం ఆవిడ వెనకాల మూడు వారాలు సాధన చేసి ఉంటుంది. ఇలాంటివి నెలకి నాలుగు వచ్చినా ఇంటద్దె గడవదు. కొత్తవాళ్ళకి నెలకి నాలుగు రావు కూడా.

పక్కవాద్యంవాళ్ళ పరిస్థితి కాస్త నయం. ఒక గాయకుడికి నెలకి ఒక కచేరీ వస్తే, మృదంగం బాగా వాయించే కుర్రాడు నలుగురు గాయకులకి వాయిస్తాడు. దీనికి తోడు మన ఊళ్ళో కూచిపూడి, భరతనాట్యం రంగప్రవేశాలు, అంటే నాట్యం నేర్చినవాళ్ళ మొదటి ప్రదర్శనలు, చాలా జరుగుతాయి. అక్కడ ఆర్కెస్ట్రాకి ఇచ్చే సంభావన మామూలు సభ కచేరీ కంటే మెరుగ్గా ఉంటుంది, రిహార్సల్స్‌కి విడిగా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. నాట్యానికి పాడటం వచ్చిన గాయకులకి కూడా ఇదొక దారి. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు కోపం. అడుగుకి తగ్గట్టు కాలప్రమాణం నిలబెట్టుకుంటూ, అభినయానికి తగ్గట్టు ఒకే పాదాన్ని పది సంగతుల్లో పాడటం మామూలు విద్య కాదు.

ఆకాశవాణి గురించి రెండు మాటలు. బి, బి-హై, ఏ, ఏ-టాప్ అని గ్రేడులుంటాయి. ఆడిషన్‌కి తప్పకుండా వెళ్ళండి. గ్రేడు వల్ల వచ్చే బుకింగులు ఏడాదికి కొన్నే అయినా, ఆహ్వానపత్రంలో పేరు కింద ఆ ఒక్క ముక్క ఉంటే సభవాళ్ళూ, పిల్లల తల్లిదండ్రులూ చూసే చూపు మారుతుంది. ఒకప్పుడు అక్కడ నిలయ విద్వాంసులుగా, అంటే కేంద్రంలోనే జీతానికి పాడే, వాయించే కళాకారులుగా ఉద్యోగాలుండేవి. వోలేటి వెంకటేశ్వర్లు గారి లాంటి మహావిద్వాంసుడు విజయవాడ కేంద్రంలో పనిచేశారు. ఇవాళ ఆ ఉద్యోగాన్ని నమ్ముకుని జీవితం ప్లాను చేసుకోలేం.

ఇక పాఠం. నెల మొదటివారంలో ఫీజు వస్తుంది. పిల్లవాడు బాగా పాడినా పాడకపోయినా వస్తుంది. ఈ ఊళ్ళో సంగీతం నేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఎప్పుడూ ఉంటారు. నల్లకుంట, చిక్కడపల్లి, మల్కాజిగిరి లాంటి పాత పేటల్లోనే కాదు, కొండాపూర్, నల్లగండ్ల అపార్టుమెంట్లలో ఇప్పుడు ఇంకా ఎక్కువ. అయితే ఈ రాబడికి దాని ఒడిదుడుకులు దానికున్నాయి. జనవరి దాటితే "పరీక్షలండీ" అంటారు. టెన్త్ రాగానే "ఒక్క ఏడాది ఆపుతామండీ" అంటారు. తరవాత ఇంటర్, ఎంట్రన్సు కోచింగు. ఆరేళ్ళు చెప్పి, వర్ణాలు దాటించి, కృతుల్లోకి తెచ్చిన పిల్ల సరిగ్గా రాగం పాడటం మొదలుపెట్టే వేళకి వెళ్ళిపోతుంది. పాఠం చెప్పేవాళ్ళని అన్నిటికంటే కుంగదీసేది ఇదే. దీనివల్ల మళ్ళీ మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలనే మొట్టమొదటి పాఠాలు చెప్పే దగ్గరికే వచ్చి పడతారు.

ఆన్‌లైన్ పాఠాలది ఇంకో కథ. మన పొద్దున్న 5:30 అంటే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు సాయంత్రం ఏడో ఎనిమిదో. అక్కడి తెలుగు పిల్లలు స్కూలూ భోజనమూ అయి కూర్చునే వేళ అది. ఫీజు మన ఊరి ఫీజు కంటే బాగా ఎక్కువ. కానీ ఆ గంట మన ఆకారసాధన గంట. పోనీ వాళ్ళ శనివారం పొద్దున్న పెట్టుకుందామంటే అది మనకి శనివారం సాయంత్రం, సరిగ్గా కచేరీల వేళ. ఇందులో ఏది వదులుకున్నా నష్టం సాధనకో కచేరీకో తప్పదు. పైగా నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువూ శిష్యుడూ కలిసి పాడలేరు, తాళం కలవదు. ఒకరు పాడి ఆగాలి, ఇంకొకరు అందుకోవాలి. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" పెట్టకపోతే తంబురా నాదాన్ని గోల అనుకుని అది తీసేస్తుంది. పిల్లలు శృతి లేకుండానే పాడుతూ పోతారు, మనకి తెలియదు. శృతిపెట్టె రెండువైపులా విడివిడిగా పెట్టించి చెప్పేవాళ్ళున్నారు, అది మంచి పద్ధతి.

అసలు పెద్ద నష్టం గొంతుకి. దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. శృతి అంటే ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళు ఆధారంగా పెట్టుకునే షడ్జం, అంటే 'స'; అంకె పెరిగేకొద్దీ అది పైకి పోతుంది. ఒకటో శృతిలో పాడే మగ గాయకుణ్ణి తీసుకోండి. అతని దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలు, వాళ్ళ శృతి ఐదున్నర. వాళ్ళ షడ్జం అతనికి మధ్య స్థాయి శుద్ధ ధైవతం. దాన్ని ఆధారం చేసుకుని ఒక స్థాయి కింద పాడితే గొంతు అడుగున గొణుగుతున్నట్టు ఉంటుంది. పిల్లలతో సమానంగా పై స్థాయిలో పాడదామంటే పంచమం దాటాక అరవాలి. రోజుకి నాలుగైదు గంటలు ఇలా గడిచాక తన శృతిలో తార స్థాయి షడ్జం మీద నిలవమంటే గొంతు నిలవదు. ఆడవాళ్ళకి శృతి దగ్గరగా ఉండటం వల్ల ఈ బాధ తక్కువ, కానీ నలుగురైదుగురు పిల్లల గొంతుల మీదుగా వినపడేలా పాడటంవల్ల వచ్చే అలసట వాళ్ళకీ ఉంది.

రెండో నష్టం మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడే శక్తికి. నాకు పక్కన కూర్చుంటే తెలిసిపోతుంది. పూర్వం కల్యాణిలో స్వరం అందుకుంటే ఎక్కడికి తీసుకెళ్తాడో తెలియక కమాను పట్టుకుని చెవులు రిక్కించి కూర్చునేలా చేసిన గాయకుడు, రెండేళ్ళు రోజంతా ఆరంభ పాఠాలే చెప్పాక పాడితే ప్రతి ఆవర్తనం సరళీ వరస పొందికలోనే నడిచింది. ఏ ముక్తాయింపుతో దిగుతాడో అతనికంటే ముందే నా వేళ్ళకి తెలిసిపోయింది. అతనికి ప్రతిభ తగ్గిందని కాదు, చెవికి తిండి లేకపోయింది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ముదిరిన శిష్యులకి చెప్పే పాఠం గురువుని నిలబెడుతుంది. భైరవి అట తాళ వర్ణం రెండు కాలాల్లో చెప్పి చూడండి, మీ పాటలో ఏ గమకం జారిపోయిందో ఆ గంటలో దొరుకుతుంది. "తోడి గాంధారం ఎందుకండీ అలా ఊగుతుంది?" అని శిష్యురాలు అడిగితే, అన్నాళ్ళూ అలవాటుగా పాడినదాన్ని మొదటిసారి విడదీసి చూసుకుంటాం.

పాఠం చెప్పడం కచేరీ దక్కనివాళ్ళ పని అనే మాట మన తెలుగునేల మీద అసలు చెల్లదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు పాఠం చెప్పకపోతే బాలమురళి లేరు. ఆ బాలమురళి గారే విజయవాడ సంగీత కళాశాలకి ప్రిన్సిపాలుగా చేశారు. నూకల చినసత్యనారాయణ గారు ప్రభుత్వ కళాశాలల్లో అధ్యాపకుడిగా, ప్రిన్సిపాలుగా పనిచేస్తూనే పాడారు, 2010లో పద్మభూషణ్ వచ్చింది. అయితే ఒక్క తేడా మరచిపోకూడదు. వాళ్ళలో చాలామందికి సంస్థానమో ప్రభుత్వమో జీతం ఇచ్చింది. రోజుకి ఎంతమందికి చెప్పాలో ఫీజు లెక్క నిర్ణయించలేదు. ఇవాళ రాంకోఠి కళాశాలలోనో, తెలుగు విశ్వవిద్యాలయంలోనో అలాంటి ఉద్యోగం దొరికితే కళ్ళకద్దుకుని చేరాలి, కానీ ఖాళీలు ఎప్పుడు భర్తీ చేస్తారో చెప్పలేం. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచరు పోస్టులున్నాయి. అక్కడ చెప్పేది ప్రార్థనలూ దేశభక్తి గీతాలే అయినా, సాయంత్రాలు మన చేతిలో ఉంటాయి. నేనైతే దాన్ని నలభైమంది ప్రైవేటు పిల్లల కంటే మేలంటాను.

మూడో దారి వేరే ఉద్యోగం. శ్రీపాద పినాకపాణి గారు వైద్యులు. వైద్యవృత్తిలో ఉంటూనే నేదునూరి, వోలేటి, నూకల వంటి గాయకుల్ని తీర్చిదిద్దారు. తిండికి వేరే ఆధారం ఉంది కాబట్టి ఎవరికి చెప్పాలో ఆయనే ఎంచుకోగలిగారు. హైటెక్ సిటీలో పనిచేస్తూ కచేరీలు చేసేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళకి సంభావనతో పని లేదు, కానీ పొద్దున్న రెండు గంటల సాధన మిగుల్చుకోగలిగినవాళ్ళే పైకి వస్తున్నారు.

పూర్తిగా సంగీతం మీదే నిలబడేవాళ్ళకి నేను చెప్పేది ఇది. పిల్లల్ని ఇరవైమందికి మించి తీసుకోవద్దు. కొత్తగా చేరినవాళ్ళని మీ పెద్ద శిష్యులకి అప్పగించి, ఆ ఫీజు వాళ్ళనే తీసుకోనివ్వండి. గురువుల ఇళ్ళలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే ఇది. టెన్త్ తరవాత ఆ పెద్ద శిష్యులు ఆగిపోకుండా ఉండటానికి కూడా ఇది పనికొస్తుంది. అమెరికా పాఠాలు వారంలో రెండు పొద్దున్నలకి మించకూడదు, మిగతా అయిదు పొద్దున్నలు మీ శృతిలో మీ గొంతుకి. సంభావన తక్కువైనా సరే, రెండు నెలలకి ఒక కచేరీ ఒప్పుకోండి, ఏడాదిలో ఒకదానిలోనైనా రాగం తానం పల్లవి, అంటే మనోధర్మమే ప్రధానంగా నడిచే ఆ పెద్ద అంశం, పాడండి. పల్లవి ఉందంటే సాధన దానంతట అదే మొదలవుతుంది.

ఆడపిల్లల విషయంలో విడిగా ఒక మాట. పెళ్ళయ్యాక "ఇంట్లోనే ఉండి పాఠాలు చెప్పుకోవచ్చుగా" అని అత్తింటివాళ్ళు అంటారు. వినడానికి సర్దుబాటుగానే ఉంటుంది. కచేరీలు సాయంత్రాలు ఉంటాయి కాబట్టి, ఆ మాటతో వేదిక మెల్లగా చేజారిపోతుంది. మంచి గొంతులు ఇలా వంటింటి పక్క గదిలో సరళీ స్వరాలకి పరిమితం కావడం చూసి బాధపడ్డాను. పాఠాలు తప్పకుండా చెప్పండి, కానీ నెలలో రెండు సాయంత్రాలు నావి అని పెళ్ళిచూపుల్లోనే మాట్లాడుకోండి.

మరి కచేరీయే కావాలి, ఇంకేదీ వద్దు అన్నవాళ్ళకి? అప్పుడు హైదరాబాదులో ఉండి ఎదురుచూడటం వల్ల లాభం లేదు. చెన్నై వెళ్ళాలి. డిసెంబరు సీజన్‌లో మధ్యాహ్నం కచేరీలతో మొదలుపెట్టి సాయంత్రం కచేరీ దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ అక్కడే ఒక గురువు దగ్గర ఉండాలి, రోజూ ఒకరి కచేరీ వినాలి. ఇంట్లో మూడు నాలుగేళ్ళు ఖర్చు భరించగలిగితే ఇరవై, ఇరవై రెండేళ్ళకే పంపించండి. ముప్పై దాటి, ఇక్కడ పాతికమంది శిష్యులు కుదురుకున్నాక వెళ్తానంటే మాత్రం నేను ఆపుతాను.