పిల్లలకి వంట నేర్పడానికి ఇనప కుంపటి కొన్నాం, వాడాక నా రివ్యూ

బార్బెక్యూ సెట్ కొనమని పిల్లలు ఒకటే గొడవ. టేబుల్ మధ్యలో గ్రిల్ పెట్టే రెస్టారెంట్‌కి ఒకసారి తీసుకెళ్ళాం, అప్పట్నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. ఆన్‌లైన్‌లో చూస్తే మడతపెట్టేవి, కరెంటువి, గ్యాస్‌వి బోలెడున్నాయి, రేట్లు కూడా ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టేశారు, అన్నీ చూసి చూసి చివరికి మేము కొన్నది మాత్రం బేగంబజార్‌లో ఒక ఇనప సామాన్ల షాపులో పోత ఇనుము కుంపటి, బేరమాడితే జాలీతో కలిపి 1,400కి ఇచ్చాడు. మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ మాట మీదే కొన్నాం అనుకోండి.

కరెంటు గ్రిల్ వద్దని ఎందుకన్నానంటే, నాబ్ తిప్పితే వేడెక్కుతుంది, ఆపితే ఆగుతుంది, అందులో పిల్లలు నేర్చుకునేది ఏముంది? కుంపటి అలా కాదు, నిప్పు రాజేయడం దగ్గర్నుంచే పని మొదలు. అడుగున కొబ్బరి పీచు, దాని మీద చిన్న బొగ్గులు, మధ్యలో ఒక కర్పూరం బిళ్ళ, ఆ పైన పెద్ద బొగ్గులు, కింద గాలి కన్నం ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసరడం. కిరోసిన్ మాత్రం పొయ్యొద్దు, ముక్కకి వాసన పట్టేస్తుంది. అంటుకుంది కదా అని మా వాడు వెంటనే ఊచ పట్టుకొచ్చేశాడు, "ఆగరా నాన్నా, మంట మీద కాదు, నిప్పు మీద కాల్చాలి" అని ఆవిడ కూర్చోబెట్టేశారు. బొగ్గుల మీద తెల్లగా నివురు పట్టేదాకా ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఆ టైంలో ఫోన్ అడక్కుండా కూర్చున్నారంటే నాకే ఆశ్చర్యం.

వేడి చూసే పద్ధతి భలే ఉంది. జాలీకి బెత్తెడు ఎత్తులో అరచెయ్యి పెట్టి లెక్కపెట్టాలి, మూడు లోపే చెయ్యి లాగేస్తే వేడి ఎక్కువ, ఐదు దాకా ఆగగలిగితే చికెన్‌కి సరిపోతుంది, ఎనిమిదీ తొమ్మిదీ అంటే బొగ్గులు చాలట్లేదని. ఇంకోటి, బొగ్గులన్నీ ఒక పక్కకి జరపమంటారు ఆవిడ, రెండో పక్క ఖాళీ. పైన రంగొచ్చి లోపల ఉడకని ముక్కల్ని ఆ ఖాళీ పక్కకి లాగెయ్యొచ్చు.

మొదట చికెన్ ఇవ్వలేదు వాళ్ళకి, వంకాయతో మొదలు. పెద్ద గుండ్రటి వంకాయకి నూనె రాసి నాలుగు చోట్ల ఫోర్కుతో గుచ్చాలి, లేకపోతే లోపల ఆవిరి పట్టి ఢామ్మంటుంది. పాప పని తిప్పడం. తొక్క నల్లగా మాడి, తొడిమ దగ్గర రసం బుడబుడమని, పట్టుకారుతో నొక్కితే మెత్తగా దిగిపోవాలి, అప్పుడు తీసి మూతపెట్టి చల్లారాక తొక్క ఒలిస్తే సులువుగా వచ్చేస్తుంది. పచ్చిమిర్చి కూడా అదే నిప్పు మీద కాల్చి, చింతపండు, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి చేత్తోనే పిసికింది పాప. ఎంత ఉప్పు అనడిగితే "వేసి నాకి చూడు" అన్నారు నానమ్మ, కొలత అంతే మరి.

తర్వాత చీకులు. బోన్‌లెస్ తొడ ముక్కలు, పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మరసం. వెదురు పుల్లలైతే అరగంట నీళ్ళల్లో నానబెట్టండి, లేకపోతే చివర్లు కాలిపోతాయి. నేను మాత్రం ఒక మీట్ థర్మామీటర్ కొన్నా, చికెన్ మధ్యలో 74 డిగ్రీలు రావాలి కదా, పిల్లలు తినేది. అత్తయ్యగారు ఊచ గుచ్చి కారే నీరు చూసి "అయిపోయింది" అన్నారు, పెట్టి చూస్తే 76. ఇంక ఆ రోజంతా మీటర్ మీద జోకులే. అయినా మా వాడికి రెండూ నేర్పుతున్నా.

ఇప్పుడు కుంపటి సంగతి. వేడి చాలాసేపు నిలుస్తుంది, అది సూపర్. కానీ కొత్తలో పెయింట్ కంపు కొడుతుంది, ఒకసారి ఖాళీగా బొగ్గులు వేసి బాగా కాల్చేస్తే గానీ వంట పెట్టకండి. పిడి కూడా ఇనుమే, కాలిపోతుంది, చిన్నపిల్లలు దగ్గరుంటే పెద్దవాళ్ళు అక్కడే ఉండాల్సిందే. బరువు ఎక్కువ, మేడ మీదకి మోయడానికి ఇద్దరు కావాలి. బొగ్గు సర్కారు తుమ్మది తీసుకున్నాం, బాగానే మండుతోంది.

బాల్కనీలోనో వంటింట్లోనో వెలిగిద్దాం అనుకునేవాళ్ళు ఇది అస్సలు కొనొద్దు. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, తలుపులు వేసిన గదిలో ప్రాణం మీదకొస్తుంది. మేడో పెరడో ఉంటేనే. అయిపోయాక బూడిద వెంటనే చెత్తబుట్టలో పొయ్యకండి, లోపల కణికలు ఉంటాయి, మేము ఇనప బకెట్‌లో మర్నాటి దాకా ఉంచుతాం, ఆ డ్యూటీ పిల్లలదే.

అన్నిటికంటే చిరాకు జాలీ. ఊచల మధ్య సందు ఎక్కువ, చిన్న ముక్కలు, ఉల్లిపాయ రింగులు అన్నీ నిప్పుల్లోకే. మార్చి ఇమ్మంటే షాపాయన అదే సైజు వస్తుందన్నాడు. వెల్డింగ్ షాపులో సందు తక్కువగా ఇంకోటి చేయించాం, 250 అయింది. మీరు కొంటే కుంపటిని కూడా వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళండి, టేపుతో కొలిచి చెప్తే అంచు సరిగ్గా కూర్చోదు.