తడిగుడ్డకు అక్షరాలు అంటుకుంటే ఆ గ్యాస్ ట్యూబు వాడకండి

గ్యాస్ ట్యూబు మార్చబోయేవాళ్లు కొనేముందు ఇది చదవండి. ఐదు నెలల కిందట కొత్త ట్యూబు తెచ్చి బిగించాను. నారింజ రంగు, మీద తయారైన నెల, సంవత్సరం చక్కగా అచ్చు వేసి ఉన్నాయి, లోపల స్టీలు తీగ అల్లిక ఉందని అమ్మినతను గట్టిగా చెప్పాడు, నమ్మేశాను.

మొన్న స్టవ్ వెనక తుడుస్తుంటే తడిగుడ్డకు నల్లగా ఏదో అంటింది. చూస్తే ట్యూబు మీది అక్షరాలు! అనుమానం వచ్చి ట్యూబు వంపు తిరిగే చోట కొంచెం వంచి చూశాను, వెంట్రుకల్లా సన్నటి పగుళ్లు, పక్కపక్కనే ఐదారు. వాసన మాత్రం ఏమీ లేదు. సబ్బు నీళ్లు చిక్కగా కలిపి రాస్తే ఒకచోట బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. ఆ బుడగ ఇంకా నా కళ్లముందే ఉంది. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, తర్వాత ట్యూబు తీసి కోశాను. తీగా లేదు, అల్లికా లేదు, ఉత్త ప్లాస్టిక్.

అలాంటి ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని గ్యాస్ మెల్లమెల్లగా లాగేస్తుంది, దాంతో అది బిగుసుకుపోయి పగులుతుంది. అడిగితే అమ్మినతను 'మీరే వేడి తగిలించి ఉంటారు' అన్నాడు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

వాసన రాలేదు కదా అని ధైర్యంగా ఉండకండి. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు, ఇథైల్ మెర్‌కాప్టన్ లాంటిది కలిపితేనే మనకు తెలుస్తుంది, జలుబు చేసినా, ముక్కు అలవాటు పడినా అదీ తెలియదు. పైగా ఇది గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుని కింది అరల్లో, మూలల్లో చేరుతుంది, గాలిలో 2 శాతం దాకా చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకూడదు, ఆపకూడదు కూడా.

కొనేటప్పుడు తడి వేలితో అక్షరాలు రుద్దండి, కోసిన చివర చూపించమనండి, పొరలూ అల్లికా కనిపించకపోతే వద్దనండి. చివర బిగుతుగా ఉందని మంటమీద వేడిచేసి తొడగొద్దు, తొడిగాక ఊడకుండా క్లిప్ పెట్టండి. లీకు చూడ్డానికి సబ్బు నీళ్లే వాడండి, అగ్గిపుల్ల ఎప్పుడూ వద్దు. ఇంకో సిలిండర్ ఉంటే మూత బిగించి నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టొద్దు.

ఇంట్లో ఉన్న ట్యూబు కొత్తదే అయినా సరే, ఈ రోజే స్టవ్ జరిపి గోడవైపు చూడండి. మా ట్యూబు పగిలింది అటువైపే.