పోస్టాఫీసు ఆర్డీ: ఒక క్యాటరింగ్ కుర్రాడి లెక్క

మూఢం వస్తే పెళ్ళికొడుకుల కంటే ఎక్కువ దిగులుపడేది క్యాటరింగ్ కుర్రాళ్ళు. నేనూ ఆ బాపతే. రాజమండ్రిలో బీకాం ఆఖరి సంవత్సరం. ఫస్టియర్ నుంచి పెళ్ళిళ్ళలో వడ్డనకి వెళ్తున్నా. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా మనవి, చేతికి గ్లౌజులు వాళ్ళవి. కడియం, ధవళేశ్వరం, కొవ్వూరు... ఎక్కడ ఫంక్షన్ హాల్లో లైట్లు వెలిగితే అక్కడికి ఆటోలో కుక్కి తీసుకెళ్తారు. పూటకి 500, రాత్రి బాగా పొద్దుపోతే 600. మంచి నెలయితే ఆరేడు వేలు వస్తాయి. ఆషాఢంలో, పుష్యంలో దాదాపు సున్నా. నా జీతం ఎంతో తేల్చేది పంచాంగమే.

ఈ డబ్బు దాచుకోవడానికి 2024 ఆగస్టులో, శ్రావణం మొదలవగానే, పోస్టాఫీసులో నెలకి 500 చొప్పున ఆర్డీ (రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు ఖాతా) తెరిచాను. ఇప్పటికి 21 వాయిదాలు పడ్డాయి. బాగోగులు రెండూ చూశాను కాబట్టి రాస్తున్నా.

అంతకుముందు రెండు పద్ధతులు చూసి చేతులు కాల్చుకున్నాను. మొదటిది, వచ్చిందంతా ఫోన్‌పే ఖాతాలోనే ఉంచడం. ఒకసారి స్టేట్‌మెంటు తీసి లెక్కపెడితే నెలలో 47 చెల్లింపులు, వంద దాటినవి ఆరే. మిగతావన్నీ టీ, బజ్జీ, రోజ్‌మిల్కు, జెరాక్సు, పక్కవాడి బస్సు టికెట్టు. దేనికి తగలేశానో చెప్పమంటే ఒక్కటీ గుర్తులేదు. రెండోది చీటీ. మా బ్యాచిలోనే పదిమందిమి వెయ్యి రూపాయల చీటీ వేసుకున్నాం. రెండో నెల పాడుకున్నవాడు నాలుగో నెల నుంచి పనికి రావడం మానేశాడు, ఫోనూ ఎత్తడు. చీటీ అక్కడితో ఆగిపోయింది. ఎవడు ఎవడికి ఎంత ఇవ్వాలో ఇప్పటికీ వడ్డన మధ్యలో వాదించుకుంటూ ఉంటాం.

ఆర్డీ సంగతి. ఆధార్, పాన్, ఫొటోలు, ఒక ఫారం, మొదటి వాయిదా. అంతే. నెలకి కనీసం 100, ఆపైన పదేసి రూపాయల లెక్కన ఎంతైనా పెట్టుకోవచ్చు. గడువు ఐదేళ్ళు, అంటే 60 వాయిదాలు. వడ్డీ 6.7 శాతం, మూడు నెలలకోసారి అసల్లో కలుస్తుంది. తర్వాత రేటు మారినా తెరిచిన రోజున ఉన్నదే చివరిదాకా నడుస్తుంది. నెలకి 500 లెక్కన కట్టేది 30,000, చేతికొచ్చేది 35,683. "ఐదు వేల చిల్లర కోసం ఐదేళ్ళా!" అని మా రూమ్మేటు పడీపడీ నవ్వాడు. వాడి ఖాతాలో ఆ రోజు ఉన్నది 212.

నెలకి రెండు వేలు కట్టొచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. మాఘంలో కట్టగలను. కానీ వాయిదా ఎంతో నిర్ణయించుకునేటప్పుడు మాఘాన్ని చూడకూడదు, పుష్యాన్ని చూడాలి. ఖాళీ నెలలో కూడా ఎవరినీ అడక్కుండా కట్టగలిగింది ఎంతా అని చూసుకుంటే నాకు 500 తేలింది. అదీ తప్పింది ఒకసారి. 2025 జనవరిలో పుష్యమాసం, పండక్కి ఊరెళ్ళాను, జేబు ఖాళీ. ఫిబ్రవరిలో భయపడుతూ వెళ్తే జరిమానా ఐదు రూపాయలు. వందకి రూపాయి చొప్పున అన్నమాట. అయితే నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లో బతికించుకోకపోతే ఆ తర్వాత కట్టనివ్వరు. అది గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఈ ఖాతాలో అన్నిటికంటే నచ్చింది ముందే కట్టేసే వెసులుబాటు. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరెందుకో. చేతిలో డబ్బున్నప్పుడు రాబోయే నెలల వాయిదాలు కూడా ఒకేసారి కట్టేయొచ్చు. నెల వాయిదాలో ప్రతి వందకీ, ఆరు నెలలవి కలిపి కడితే మొత్తం మీద 10 రూపాయలు, పన్నెండు నెలలవి కడితే 40 తగ్గిస్తారు. 2025 నవంబరు చివర్లో శుక్ర మూఢం మొదలై, 2026 ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాల్లేవని పంచాంగాలు చూసి మా ఆటో అంతా తలపట్టుకుంది. కార్తీకంలో నాకు పదమూడు ఫంక్షన్లు పడ్డాయి. నవంబరు 12న వెళ్ళి, ఆ నెలతో కలిపి ఏప్రిల్ దాకా ఆరు వాయిదాలు కట్టేశాను. 3,000కి 50 తగ్గించి 2,950 తీసుకున్నారు. ఆ మూడు నెలలూ అమ్మ పంపిన డబ్బుతో గడిచింది గానీ, ఆర్డీ గురించి మాత్రం దిగులు లేదు.

ఇంకో సంగతి. 2025 ఆగస్టు ఆఖర్లో నా ఫోను చొక్కా జేబులోంచి జారి రసం గంగాళంలో పడింది. (ఆ రసం ఏం చేశారని అడక్కండి.) ఫోను లేకపోతే పని కబురే అందదు. మర్నాడే పాసుబుక్కు పట్టుకెళ్ళాను.

"ఖాతా మూసేస్తానండి, మేడం గారూ."

"ఎన్నాళ్ళయింది బాబూ తెరిచి?"

"ఏడాది దాటిందండి."

"మూడేళ్ళు నిండితే గానీ మూయడానికి లేదు. పన్నెండు వాయిదాలు కట్టావుగా, కావాలంటే లోను తీసుకో. ఉన్నదాంట్లో సగం వస్తుంది."

3,000 తీసుకుని పాత ఫోను కొనుక్కున్నా. లోను వడ్డీ ఆర్డీ రేటు మీద రెండు శాతం ఎక్కువ, అంటే 8.7. మూడు నెలల్లో తీర్చేస్తే వడ్డీ డెబ్బై కూడా కాలేదు. క్యాటరింగ్ అన్న దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే వడ్డీ ఉండదు నిజమే, కానీ ఇంక అక్కడినుంచి వారం రోజులు గిన్నెలు కడిగే డ్యూటీ మనదే.

నచ్చనివీ ఉన్నాయి. మొదటిది తారీఖు. పదిహేనో తేదీ లోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా 15లోగా కట్టాలి, 16 తర్వాత తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా గడువు. ఇది తెలియక నేను మొదటి వారంలో తెరిచాను. మా కూలి వారం పది రోజులు ఆలస్యంగా వస్తుంది, 15 అంటే గొంతు మీద కత్తి. మీరు తెరిచేట్టయితే 16 దాటాక వెళ్ళండి. రెండోది, మూడేళ్ళు నిండాక మూసినా ఐదేళ్ళకి ముందయితే సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు, అది 4 శాతం. నా లెక్కలో 18,000కి వడ్డీ 1,100 దరిదాపుల్లో వస్తుంది. డిగ్రీ మూడేళ్ళది, ఖాతా ఐదేళ్ళది. పొంతన కుదరదు. వచ్చే ఏడాది ఫీజుకో, ల్యాప్‌టాప్‌కో దాచుకునేవాళ్ళు దీని జోలికి రాకుండా బ్యాంకులో ఏడాది ఆర్డీ వేసుకోవడం నయం. నాకు మాత్రం మూయనివ్వకపోవడమే మేలు చేసింది. రసం గంగాళం రోజున మూయనిచ్చి ఉంటే ఫోనుతో పాటు ఇయర్‌ఫోన్లు, కొత్త చెప్పులు కూడా కొనేసేవాణ్ణి.

ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళినా ఖాతాని అక్కడి పోస్టాఫీసుకి మార్చుకోవచ్చు కాబట్టి ఐదేళ్ళూ నడిపేద్దామనే ఉంది. ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తున్నా. ఒక చుక్క ఆ 15వ తారీఖుకి కోశాను.

ఇప్పుడు వైశాఖం నడుస్తోంది, పెళ్ళిళ్ళు జోరుగా ఉన్నాయి. మే 17 నుంచి అధిక జ్యేష్ఠం, జులై మధ్యలో మళ్ళీ ఆషాఢం. అందుకని మే 15 లోపు అక్టోబరు దాకా ఆరు వాయిదాలు కట్టేయాలి. కావలసింది 2,950. చేతిలో ఉన్నది 1,800. ఆదివారం కొవ్వూరులో పగలూ రాత్రీ రెండు పూటలు చేస్తే 1,100 వస్తుంది. ఇంకో యాభై తక్కువ. రూమ్మేటుని అడుగుతా.